కంప్యూటరు ముఖం మారిందా? కంగారు వద్దు

తుని: ఇల్లాలు పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి ఎవరో పోపులడబ్బా చోటు మార్చేస్తే ఎలా ఉంటుంది? వంట మరచిపోదు. కానీ చెయ్యి పోయిన చోట వస్తువు దొరకక చిరాకు పడుతుంది. కంప్యూటరు వాడేవారికీ అప్పుడప్పుడు ఇదే అవస్థ. నిన్నటిదాకా తెర కింద వరుసగా ఉన్న బొత్తాములు ఒక ఉదయాన మాయమవుతాయి. తాండవ నదికి ఇటు తునిలో గాని, అటు పాయకరావుపేటలో గాని దరఖాస్తులు టైపు చేసి బతికే దుకాణదారుకు ఇది చిరాకుతో పోయేది కాదు. గిరాకీ ఎదురుగా నిలబడి ఉండగా పని ఆగితే ఆ పూట సంపాదన పోయినట్లే.

విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లు చాలావాటిలో 11 ఎక్కదు. దాంతో కొందరి చూపు ఉచితంగా దొరికే లినక్స్ మీద పడింది. తీరా చూస్తే లినక్స్‌కు ముఖాలు అనేకం. ఏది ఎంచుకోవాలన్నదే ప్రశ్న.

ఛాసిస్ ఒకటే, బాడీలు వేరు

లారీ ఛాసిస్ కంపెనీ ఇస్తుంది, బాడీ యజమాని తనకు కావలసినట్లు కట్టించుకుంటాడు. లినక్స్ కూడా అంతే. తెరమీద కనిపించే మెనూలు, కిటికీలు, బొత్తాముల ఏర్పాటును 'డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్' అంటారు. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే, సినమన్ అలాంటివే. బాడీ మార్చినా లోపలి ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

2011లో రేగిన గొడవ

2011 ఏప్రిల్‌లో గ్నోమ్ మూడవ రూపం వెలువడింది. పాత మెనూ, కింది వరుస, కిటికీని దించే బొత్తాము కనబడకుండా పోయాయి. అలవాటుపడ్డవారు మండిపడ్డారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ సైతం దాన్ని విమర్శించి ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారాడు. పాత యంత్రాల కోసం ఉంచిన సాదా పద్ధతిని కూడా 2013లో తీసివేశారు.

అయితే ఆ సాఫ్టువేరును ఎవరైనా తీసుకుని, మార్చుకుని, పదిమందికీ పంచవచ్చునని లైసెన్సులోనే ఉంది. అర్జెంటీనాకు చెందిన ఒక వాడకందారు పాత గ్నోమ్‌నే తీసుకుని కొనసాగించాడు. అక్కడివారు కాచి తాగే ఒక ఆకు పేరుమీద దానికి 'మాటే' అని పేరు పెట్టాడు. లినక్స్ మింట్ వారు కొత్త గ్నోమ్ భాగాలతోనే పాత పోకడలో 'సినమన్' తయారుచేశారు. టోర్వాల్డ్స్ తర్వాత మళ్లీ గ్నోమ్‌కే వెళ్లడం విశేషం. కొత్తదంతా చెడ్డదని గాని, పాతదంతా మంచిదని గాని దీన్నిబట్టి చెప్పలేము.

ఎవరికి ఏది?

యంత్రం పాతదై, మెమరీ రెండు జీబీలే ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ మేలు. నాలుగు జీబీలుండి, విండోస్ అలవాటుంటే సినమన్ గాని మాటే గాని సుఖం. కొత్త యంత్రమై, ప్రతిదీ తన ఇష్టప్రకారం సర్దుకోవాలనుకునేవారికి కేడీఈ తగును. వీటిలో రెండు మూడు ఒకే కంప్యూటరులో పెట్టుకుని, లోపలికి ప్రవేశించేటప్పుడు కావలసినది ఎంచుకునే వీలు కూడా ఉన్నది.

తెలుగువారికి మరో సంగతి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్‌ను రూపొందించింది. ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉన్నది. యూనికోడ్ తెలుగును ఏ డెస్క్‌టాప్‌లోనైనా టైపు చేయవచ్చు.

తొందరపడరాదు

పేజ్‌మేకరులో అనూ ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేసేవారు మాత్రం ఆలోచించి అడుగు వేయాలి. ఆ సరంజామా విండోస్ కోసం తయారైనది. అలాంటివారు పాత ఏర్పాటును ఉంచుకుని, పక్కన లినక్స్ పెట్టుకోవడం క్షేమం. ఎవరైనా సరే ముందుగా ఫైళ్లకు నకలు తీసుకోవాలి. తర్వాత లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, హార్డ్‌డిస్కు ముట్టుకోకుండా అక్కడి నుంచే నడిపి చూడాలి. ప్రింటరు, స్కానరు పనిచేస్తున్నవీ లేనిదీ అప్పుడే తేలిపోతుంది.

మామిడిపండు వాసన చూడనిదే తునిలో ఎవరూ బేరమాడరు. కంప్యూటరు విషయంలోనూ అదే పద్ధతి. నాలుగు రోజులు వాడి, చేతికి అలవాటైనదే ఎంచుకోవాలి. పోపులడబ్బా ఎక్కడుండాలో చెప్పవలసింది వంట చేసేవారే కదా!