కలుపుతీతలో పారవేయు కూరాకు

ఆషాఢ శ్రావణ మాసములయందు చేలలో కలుపు తీయుదురు. ఆ దినములలోనే గాదెలు వట్టిపోవును, అంగడిలో కూరగాయల ధర హెచ్చును. అట్టి వేళ కలుపని గట్టుమీదికి విసరివేయు మొక్కలలో మంచి ఆహారము కలదని కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల రైతులు గుర్తింపవలెను.

తినదగిన కూరలు: బతుకమ్మకు పూలు కోయు గునుగు, లేతగా నున్నప్పుడు మంచి కూరాకు. తడినేలలలో పొన్నగంటి, చేలలో చిలుక తోటకూర, బీళ్లలోను బాటల వెంటను తొలకరికి గుంపులుగా మొలచు తంటెము కూడ నట్టివే. తంటెమున లేత చిగుళ్లనే కోయవలెను.

వీనివలన లాభము: జొన్నరొట్టె, అన్నము బలము నిచ్చును గాని, కంటికిని రక్తమునకును కావలసిన పదార్థములు వానిలో చాలవు. ముదురు పచ్చని ఆకులలో కెరోటిన్ కలదు. శరీరము దానిని ఏ విటమినుగా మార్చుకొనును. ఈ విటమిను లోపించిన పిల్లలకు మొదట రేచీకటి కలుగును. ముదిరినచో చూపే పోవును. ఇందువలననే భారత ప్రభుత్వము 1970 లో పసిపిల్లలకు ఏ విటమిను మందు పోయు కార్యక్రమము నారంభించెను. పొన్నగంటిలో సున్నపు ధాతువు ఆవుపాలలోకన్న మూడు రెట్లకు మించి యున్నది. అయినను ఆకులలోని ఆమ్లమువలన అందు కొంత భాగమే ఒంటబట్టును. కావున పాలు, మజ్జిగ మానరాదు.

అడవి ఫలములు: ఉట్నూరు, ఆసిఫాబాదు అడవులలోని గోండులు, కోలాములు ఇప్పపూవును ఎండబెట్టి దాచుకొని ఉడికించి తిందురు. ఎండిన పూవులో సగమునకు మించి చక్కెర యుండును. మొర్రి గింజలలోని సారపప్పున సగమునకు మించి నూనె యున్నది. దాని నంతయు బేరగానికి అమ్మక, కొంత పిల్లలకు ఉంచవలెను. ఉసిరికాయలో సీ విటమిను నిమ్మపండులోకన్న అనేక రెట్లు అధికము. కూరతోపాటు ఉసిరి పచ్చడి తినినచో, ఆకులలోని ఇనుము చక్కగా ఒంటబట్టును.

వండు విధము: ఆకును కోసిన నాడే వండవలెను. ముందు కడిగి, తరువాత తరిగి, కొద్ది నీటితో మూతపెట్టి ఉడికింపవలెను. ఉడికిన నీరు పారబోయక పప్పులో కలుపవలెను. నూనెతో పోపు వేయుట ముఖ్యము. కొవ్వు లేనిదే కెరోటిన్ ఒంటబట్టదు.

జాగ్రత్తలు:

1. తంటెమును పోలిన కసివింద కలదు. తంటెపు ఆకుకాడకు సాధారణముగా మూడు జతల గుండ్రని కొనల ఆకులుండును. కసివిందకు నాలుగైదు జతల వాడి కొనల ఆకులుండును. కసివింద గింజలు విషము. పడమటి ఉత్తరప్రదేశమున పిల్లల మరణములకు ఈ గింజలే కారణమని 2007 లో వైద్యులు ప్రకటించిరి. ఇంటి చుట్టును ఈ మొక్కను పెరుగనీయరాదు.

2. కలుపుమందు గాని పురుగుమందు గాని చల్లిన చేలలోను, వాని గట్లమీదను కూరాకు కోయరాదు. కడిగినంత మాత్రమున మందు పూర్తిగా పోదు.

3. గుర్తెరుగని దుంపను, పుట్టగొడుగును తినరాదు.

రెండవ జాగ్రత్త నేడు మిక్కిలి ముఖ్యము. ప్రత్తి పెరిగిన కొలది మందుల వాడుకయు పెరిగినది. మందు పడిన చోట కూరాకు నశించును, మిగిలినదియు తినదగదు. జహీరాబాదు ప్రాంతమున 1983 నుండి పనిచేయు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు మందులు లేని చెలకలలో ఇట్టి విత్తని కూరలను ఏరుకొని వండుకొందురు. ప్రతి రైతును ఇంటికి దగ్గరగా ఒక గుంట నేలను మందు సోకకుండ విడువవలెను. విత్తనపు ఖర్చును, ఎరువు ఖర్చును లేకయే వానకాల మంతయు పిల్లల కంటికి కావలసిన కూర ఆ గుంటలో దొరకును. ఏ ఆకు మంచిదో ఇంటి పెద్దమ్మలకు తెలియును. వారివెంట పిల్లలను పంపి ఆ గుర్తులు నేర్పింపవలెను.