ప్రతిబలమును గణించు ఇంజనీరు

సిరిసిల్ల మగ్గముల చప్పుడు మనకు క్రొత్త గాదు. పడుగు పోగు మితిమీరి బిగిసినచో తెగును. అదియు ఎచ్చట పడిన నచ్చట తెగదు. సన్నగిల్లిన చోటనే తెగును. ఈ సంగతిని నేతగాడు చేతి స్పర్శచే నెరుగును. దానినే లెక్కచే ముందుగా నెరుగువానిని స్ట్రెస్ ఇంజనీరందురు. విమానములు, క్షిపణులు, యుద్ధశకటములు తయారగు చోట్ల నీ వృత్తి యెట్టిదో విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

వస్తువుపై పడిన భారమును, దానిని మోయు అడ్డుకోత వైశాల్యముచే భాగించినచో వచ్చునది ప్రతిబలము. 10 చదరపు సెంటీమీటర్ల అడ్డుకోతగల కడ్డీకి 1000 కిలోల బరువు వ్రేలాడగట్టినచో, ఒక్కొక్క చదరపు సెంటీమీటరు 100 కిలోలను మోయును. అడ్డుకోతను సగము చేసినచో 200 కిలోలను మోయవలసివచ్చును. ప్రతి లోహమునకును ఒక హద్దు గలదు. అది దాటిన విరుగుట నిశ్చయము.

అయితే భారము అన్ని చోట్లను సమముగ బడదు. బట్టల అంగడివాడు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, పిదప గుడ్డను సునాయాసముగ చించును. లోహమునందును రంధ్రములవద్ద, పదునైన మూలలవద్ద ప్రతిబలము పోగుపడును. మరియు లోహమునకును అలసట గలదు. కోరుట్ల పొలములనుండి యేండ్ల తరబడి ధాన్యము మోసిన ట్రాలీ ఇరుసు, ఒకనాడు మామూలు బరువునకే విరుగవచ్చును.

1954 జనవరిలో నొకటి, ఏప్రిల్‌లో నొకటి, కామెట్ అను బ్రిటిషు విమానములు రెండు గాలిలోనే విచ్ఛిన్నమై 56 మంది మరణించిరి. పరిశోధకులు మరియొక కామెట్ దేహమును నీటితొట్టిలో నుంచి, లోపలి ఒత్తిడిని పదే పదే పెంచి తగ్గించి చూడగా, గవాక్షముల వంటి తెరువుల మూలలవద్ద పగులు పుట్టుట తేలినది.

కావున స్ట్రెస్ ఇంజనీరు మొదట వస్తువుపై బడు భారములనన్నిటిని పట్టికగా వ్రాయును. కంప్యూటరుపై దానిని వేలకొలది చిన్న ఖండములుగ విభజించి, ఒక్కొక్క ఖండపు ప్రతిబలమును గణించును. చాలనిచో మందము పెంచుమనును. కాని ఊరక పెంచుటయు దోషమే. బరువు హెచ్చిన క్షిపణి దూరము పోజాలదు. అందుచే విమానములయందు, ఎదురగునని తలచిన గరిష్ఠ భారమునకు సాధారణముగ ఒకటిన్నర రెట్లు ఓర్చునట్లు కట్టుదురు. పిమ్మట నిజమైన వస్తువుపై భారము మోపి లెక్కను పరీక్షింతురు. తుదకు తన పేరు వ్రాసి సంతకము చేయును. గడువు దాటుచున్నదని పైవారు తొందరించినను, చాలని దానిని చాలునని వ్రాయరాదు. ఆ యంకెను నమ్మి ఒక వైమానికుడు ఆకాశమున కెగురును.

ఇట్టి పని మనకు దూరదేశపుది గాదు. హైదరాబాదులో రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల, 1970లో స్థాపితమైన భారత్ డైనమిక్స్, 1973లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమ్ గలవు. ఆదిభట్లలో 2018లో ప్రారంభమైన కర్మాగారమున అపాచీ హెలికాప్టరు దేహములు తయారగుచున్నవి. బాలికలును వెనుదీయ నక్కరలేదు. అగ్ని-4 క్షిపణి పథకమునకు టెస్సీ థామస్ గారు సంచాలకులైరి.

ఆయుధముల పని మనకు తగునా యని కొందరు తల్లిదండ్రులు అడుగుదురు. అది తేలిక ప్రశ్న గాదు. ఎవరి మనస్సాక్షి వారిని నడిపింపవలెను. అయినను ఆ విద్య ఆయుధములతోనే ఆగదని చెప్పగలము. క్షిపణులకై రూపొందిన తేలిక పదార్థముతో, అబ్దుల్ కలాము గారి ప్రోత్సాహమున, హైదరాబాదులో పోలియో సోకిన పిల్లల కాళ్లకు ఊతములు చేయబడినవి. బరువైన ఇనుప ఊతము లీడ్చిన పిల్లలు తేలికగ నడచిరి.

విద్యార్థులారా, దీనికి వలయు మూలధనము గణితము, భౌతికశాస్త్రము. కొండగట్టు చెంత నాచుపల్లిలో 2007 నుండియు, సిరిసిల్లలో 2021 నుండియు ఇంజనీరింగు కళాశాలలు గలవు. ఇసుకపై కట్టిన ఇంటి కథ మీరెరిగినదే. గాలివాన రాకమునుపే పునాదిని పరీక్షించి, ఉన్నది ఉన్నట్లు చెప్పువాడే ఈ వృత్తికి తగినవాడు. నేటి మీ లెక్కల పుస్తకమునందే ఆ యలవాటును ప్రారంభింపుడు.