సిగ్నల్ పోతే... రంపం ఆగాలి!

ఐపీఎల్ మ్యాచ్ ఫోన్‌లో చూస్తుంటాం. మన స్క్రీన్ మీద బౌలర్ ఇంకా పరుగెత్తుతూనే ఉంటాడు, పక్కింట్లో అప్పటికే ‘సిక్సర్’ అని కేకలు! నెట్ కాస్త లేటు, అంతే. చిరాకు తప్ప నష్టమేమీ లేదు. కానీ అదే ఆలస్యం, డాక్టర్ చేతిలో ఎముకను కోస్తున్న రంపానికి వస్తే?

హైదరాబాద్ రోడ్ల మీద ‘రోబోటిక్ మోకాలి సర్జరీ’ హోర్డింగులు చూసే ఉంటారు. అవి చూసి, డాక్టర్ పక్కన నిలబడితే రోబో ఒక్కటే ఆపరేషన్ చేసేస్తుందని చాలామంది అనుకుంటారు. చాలా సిస్టమ్స్‌లో రంపాన్నో డ్రిల్‌నో పట్టుకుని నడిపేది డాక్టరే. ముఖ్యంగా చేత్తో పట్టుకునే పనిముట్ల విషయంలో కంప్యూటర్ చేసే పనులు రెండు. పనిముట్టు ఎక్కడుందో క్షణక్షణం కనిపెట్టడం ఒకటి. ప్లాన్‌లో గీసుకున్న గీత దాటబోతే ఆపడం రెండోది.

మెరిసే బంతులతో జీపీఎస్

మోకాలి మార్పిడినే తీసుకుందాం. తొడ ఎముకకూ, మోకాలి కింది ఎముకకూ సన్నని పిన్నులు బిగించి, వాటికి మెరిసే చిన్న బంతులున్న ఫ్రేమ్‌లు తగిలిస్తారు. డాక్టర్ చేతిలోని పనిముట్టుకీ అలాంటి బంతులే ఉంటాయి. కాస్త దూరంలో స్టాండ్ మీద రెండు కళ్ల ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. అది వదిలిన కాంతి బంతుల మీద పడి వెనక్కి వస్తుంది. మనకు రెండు కళ్లున్నాయి కాబట్టే వస్తువు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది కదా, ఇక్కడా లెక్క అదే. ఈ కెమెరాలు ఒక్కో బంతి ఉన్న చోటును మిల్లీమీటరులో చిన్న భాగం తేడాతో చెప్పేస్తాయి. కాలు కదిలినా ఫర్వాలేదు, ఎముకతో పాటే దాని ఫ్రేమ్ కూడా కదులుతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1986లోనే అమెరికాలోని డార్ట్‌మౌత్‌లో డేవిడ్ రాబర్ట్స్ బృందం, మెదడు ఆపరేషన్‌లో వాడే మైక్రోస్కోప్ ఎక్కడుందో చెవికి వినపడని శబ్దతరంగాలతో కనిపెట్టింది. 1997లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో డొమినిక్ సరగాలియా బృందం కంప్యూటర్ నావిగేషన్ సాయంతో మోకాలి మార్పిడి చేసింది.

చూడటం సరే, ఆపేదెలా?

దారి చూపించడం వేరు, బ్రేక్ వేయడం వేరు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధనల నుంచి బ్లూ బెల్ట్ టెక్నాలజీస్ అనే కంపెనీ పుట్టింది. దాన్ని 2016లో స్మిత్ అండ్ నెఫ్యూ కొనేసింది. వాళ్ల ‘నావియో’ చేతిలో ఇమిడే పనిముట్టు. గిర్రున తిరుగుతూ ఎముకను అరగదీసే బర్ దాని కొసన ఉంటుంది. తీయకూడని చోటికి డాక్టర్ చెయ్యి జరిగిందా, బర్ దానంతటదే తొడుగు లోపలికి వెళ్లిపోతుంది. లేదంటే వేగం తగ్గి ఆగిపోతుంది. నెబ్రాస్కా యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో హనీ హైదర్ బృందం ఇంకో దారి పట్టింది. దూరంగా స్టాండ్ మీద ఉండే కెమెరాకు నర్స్ అడ్డొస్తే చూపు పోతుంది కాబట్టి, కెమెరాను రంపం మీదే పెట్టే పద్ధతిపై పనిచేసింది.

ఇక వైర్ల సంగతి. బరువైన పనిముట్టుకు కేబుల్ వేలాడుతుంటే అది చేతిని లాగుతుంది, అడ్డం పడుతుంది. ట్రాకింగ్‌కి అసలు వైరు అక్కర్లేదు, కాంతిని వెనక్కి పంపే బంతులకు బ్యాటరీ కూడా అక్కర్లేదు. చిక్కంతా కంట్రోల్‌తోనే. ‘ఆగు’ అన్న కంప్యూటర్ మాట గాల్లోంచి పనిముట్టుకు చేరాలి. చేరితే చాలదు, టైమ్‌కి చేరాలి.

చిన్న లెక్క వేసి చూడండి. చెయ్యి సెకనుకు 10 సెంటీమీటర్లు కదులుతోందనుకుందాం. సమాచారం సెకనులో వందో వంతు లేటయితే పనిముట్టు అప్పటికే 1 మిల్లీమీటరు ముందుకెళ్లిపోయింది. పదో వంతు లేటయితే ఏకంగా 1 సెంటీమీటరు! మోకాలి వెనకే కాలికి, పాదానికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని ఉంటుంది. అక్కడ సెంటీమీటరంటే చాలా దూరం.

లేటైన నిజం కూడా తప్పే

వాట్సాప్ మెసేజ్ రెండు నిమిషాలు లేటుగా వచ్చినా మెసేజే. ఆపరేషన్‌లో అలా కాదు. క్యాబ్ బుక్ చేసినప్పుడు మ్యాప్‌లో కారు ఇంకా సిగ్నల్ దగ్గరే కనిపిస్తుంటుంది, డ్రైవరేమో మన గేటు ముందు హారన్ కొడుతుంటాడు. ఇలాంటి పాత లొకేషన్ నమ్మి రంపం నడపకూడదు. అందుకే మామూలు యాప్‌లలోలా పోయిన డేటాను మళ్లీ మళ్లీ పంపడం ఇక్కడ పనికిరాదు. పాతదాన్ని పారేసి, తాజాది మాత్రమే తీసుకోవాలి.

మరి ఏదీ రాకపోతే? అసలు డిజైనంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ప్రమాదం వచ్చినప్పుడు ‘ఆగు’ అని చెప్పేలా సిస్టమ్ కడితే, ఆ ఒక్క మాట దారిలో పోతే చాలు, రంపం కోస్తూనే ఉంటుంది. కాబట్టి తిరగేసి కట్టాలి. కంప్యూటర్ నుంచి ‘కొయ్యొచ్చు, కొయ్యొచ్చు’ అన్న అనుమతి ఆగకుండా వస్తూ ఉండాలి. అది కాసేపు వినిపించకపోతే పనిముట్టు తనంతట తానే ఆగాలి. మన రైళ్లలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. దాదాపు నిమిషం పాటు లోకో పైలట్ నుంచి ఏ కదలికా లేకపోతే ముందు హెచ్చరిక వస్తుంది, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకులు పడతాయి.

అయితే ఊరికే ఆగిపోయే రంపంతోనూ తంటాయే. ఆపరేషన్ సాగుతుంది, డాక్టర్‌కు విసుగొస్తుంది. కాబట్టి సిగ్నల్ గట్టిగా ఉండాలి. బ్లూటూత్, వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతాయి. థియేటర్‌లో రక్తస్రావం ఆపడానికి వాడే కాటరీ మెషిన్ స్పార్క్‌లతో మరింత గోల. ఇందుకే క్లాసిక్ బ్లూటూత్ సెకనుకు 1,600 సార్లు ఛానల్ మారుస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ కూడా వైద్య పరికరాల వైర్‌లెస్‌పై 2013లో మార్గదర్శకాలు ఇచ్చింది. పక్క పరికరాలతో గొడవ లేకుండా పనిచేయడం, డేటా భద్రత రెండూ అందులో ఉన్నాయి.

బ్యాటరీది ఇంకో కథ. పనిముట్లను శుభ్రం చేసే ఆవిరి వేడి 134 డిగ్రీల దాకా వెళ్తుంది. చాలా బ్యాటరీలు దానికి తట్టుకోలేవు. అందుకే శుభ్రం చేసిన పనిముట్టులోకి, బయట దేనికీ తగలకుండా బ్యాటరీని జారవిడిచి మూత బిగించే పద్ధతి ఉంది.

మీ ఇంట్లో అవసరమైతే?

నావిగేషన్ వల్ల కీలు అమరిక ప్లాన్‌కు దగ్గరగా వస్తుంది. కానీ ఏళ్లు గడిచాక నడకలో ఎంత తేడా ఉంటుందన్న దానిపై డాక్టర్లలో చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి అమ్మమ్మకో నాన్నకో ఈ ఆపరేషన్ చెబితే మూడు ప్రశ్నలు అడగండి. పనిముట్టు పట్టుకునేది ఎవరు? డాక్టర్‌గారు ఈ సిస్టమ్‌తో ఇప్పటికి ఎన్ని ఆపరేషన్లు చేశారు? మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే మామూలు పనిముట్లతో పూర్తి చేయడానికి ఏర్పాటు ఉందా? మూడోది అడగడానికి మొహమాటపడొద్దు. ఈ మెషిన్లు కట్టే ఇంజినీర్లు మొదట వేసుకునే ప్రశ్న కూడా అదే.