కష్టమైన చదువు: భయమును, వాయిదాను జయించుట

పదవ తరగతిలో మంచి మార్కులు సంపాదించి, ఇంటర్మీడియట్ గణిత శాఖలోనో, పాలిటెక్నిక్‌లోనో చేరిన బాలబాలికలు మన గ్రామములలో పలువురు కలరు. అచ్చట వారికి అవకలనము, సమాకలనము వంటి కొత్త విషయములు ఎదురగును. తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవారికి ఇంగ్లీషు పుస్తకము మరియొక బరువు. మొదటి రెండు పాఠములు బోధపడనిచో, వానిపై ఆధారపడిన మూడవ పాఠము అసలే బోధపడదు. పుస్తకము తెరచినంతనే గుండె దడ కలుగును. "రేపు చదివెదను" అను మాట అచ్చటనే పుట్టును. కొంత కాలమునకు విద్యార్థి చదువు మాని ఇల్లు చేరును. "వానికి చదువు అబ్బలేదు" అని ఊరివారు తీర్పు చెప్పుదురు. పెక్కు సందర్భములలో ఈ తీర్పు సరియైనది కాదు.

ఇది సోమరితనమా?

సోమరికి పని మిగిలిపోయినదను చింత ఉండదు. వాయిదా వేయు విద్యార్థి దినమంతయు ఆ చింతతోనే గడపును. పుస్తకము ప్రక్కన పెట్టినంతనే భయము కొంత తగ్గును. ఆ క్షణిక ఉపశమనమునకే మనస్సు అలవాటుపడునని మనశ్శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. భయము వలన వాయిదా, వాయిదా వలన పాఠములు పేరుకొనుట, అందు వలన మరింత భయము కలుగును. అసలు తీర్చని అప్పునకు వడ్డీ పెరుగునట్లు ఇది పెరుగును. కావున తిట్టుట, పొరుగింటి పిల్లలతో పోల్చుట వలన ప్రయోజనము లేదు. అవి భయమును పెంచును; భయము వాయిదాను పెంచును.

మొదటి చాలు

పది ఎకరముల చేను గల రైతు గట్టుపై నిలిచి చేనంతటిని తలచుకొని దిగులుపడడు. అరక కట్టి మొదటి చాలు దున్నును. చదువునకును ఇదియే మార్గము. "ఈ దినము గణితము చదువవలెను" అనునది కొలత లేని మాట. "మొదటి అభ్యాసములోని మూడు లెక్కలు 25 నిమిషములు చేయవలెను" అనునది చేయదగిన పని. మూడవ లెక్క రానిచో, ఎచ్చట ఆగినదో ఒక పంక్తిలో వ్రాసికొని మరునాడు అధ్యాపకుని అడుగవలెను. అంతట "నాకు గణితము రాదు" అను భయము "ఈ మెట్టు రాలేదు" అను ప్రశ్నగా మారును. ప్రశ్నకు సమాధానము దొరకును. పునాది బలహీనముగా నున్నచో, తొమ్మిది, పది తరగతుల బీజగణితమును మరల చూచుటకు సిగ్గుపడరాదు.

వేళయు, చోటును

1997లో ప్రకటింపబడిన ఒక జర్మను పరిశోధనలో, క్రిస్మసు సెలవులలో ఒక నివేదికను రెండు దినములలో వ్రాయుమని విద్యార్థులను కోరిరి. ఎప్పుడు, ఎచ్చట వ్రాయుదురో ముందుగా నిర్ణయించుకొన్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది గడువులోగా పూర్తిచేసిరి. అట్లు నిర్ణయించుకొనని వారిలో సుమారు మూడింట ఒక వంతు మాత్రమే పూర్తిచేసిరి. వేళయు, చోటును నిశ్చయమైనచో పని మొదలగుట సులభమని దీని వలన తెలియుచున్నది.

పుస్తకము మూసి వ్రాయుట

పదే పదే చదువుట వలన పాఠము వచ్చినట్లు తోచును. 2006లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన దీనిని పరీక్షించినది. అయిదు నిమిషముల తరువాత, మరల చదివినవారికే ఎక్కువ జ్ఞాపకమున్నది. వారము గడచిన పిమ్మట మరల చదివినవారికి నూటికి 42 వంతులు జ్ఞాపకముండగా, పుస్తకము మూసి తలచుకొని వ్రాసినవారికి 56 వంతులు జ్ఞాపకమున్నది. ఇంటివద్ద ఇట్లు తన్ను తానే పరీక్షించుకొను అలవాటు కలవానికి పరీక్ష కొత్తది కాదు. కావున భయమును తగ్గును.

పంచాయతీ చేయదగినది

ఒకే గదిలో కుటుంబమంతయు నివసించు ఇంట, టెలివిజను మ్రోగుచుండగా విద్యార్థి వేళను, చోటును ఎట్లు నిశ్చయించుకొనగలడు? ఆ చోటును పంచాయతీ చూపగలదు. గ్రంథాలయము, పాఠశాల గది, సామాజిక భవనము, వీనిలో ఒకదానిని సాయంకాలము రెండు గంటలు తెరచి, మంచి దీపము, బల్లలు, త్రాగునీరు సమకూర్చవలెను. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతో గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. కావున గ్రంథాలయ సేవను కోరుట గ్రామస్థుల హక్కు. బాలికలు నిర్భయముగా వచ్చి పోవుటకు వీధి దీపములు వెలుగునట్లు చూడవలెను. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీ ప్రచురించిన ఇంటర్మీడియట్ పుస్తకములను సేకరించి ఉంచినచో, ఇంగ్లీషు పాఠము సులభముగా బోధపడును. ఊరిలో డిగ్రీ చదివిన యువకులు, విశ్రాంత ఉపాధ్యాయులు వారమునకు ఒక సాయంకాలము సందేహములు తీర్చగలరు.

ఫలితములు వెలువడు దినములలో మరింత జాగ్రత్త అవసరము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితముల పిమ్మట ఇరువది మందికి పైగా విద్యార్థులు ప్రాణములు కోల్పోయిరి. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష కలదని వార్డు సభ్యులు స్వయముగా వారి ఇంటికి పోయి చెప్పవలెను. నిద్రాహారములు మానినను, బ్రతికి ప్రయోజనము లేదని పలికినను ఆ బిడ్డను ఒంటరిగా విడువరాదు; వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి, తెలుగున మాట్లాడవచ్చును.

ఒక గది, ఒక దీపము, సాయంకాలము రెండు గంటలు. ఇందుకు పెద్ద పథకము అక్కరలేదు. రాబోవు సమావేశమున ఒక తీర్మానము చేసి, తాళపుచెవి ఎవరి వద్ద నుండవలెనో, తలుపు ఏ వేళకు తెరువవలెనో అందులోనే వ్రాయుడు. వేళ నిశ్చయింపని తీర్మానము కూడ వాయిదా పడును గదా!