భయం లేకపోవడం ధైర్యం కాదు!

‘వాడికి భయమే లేదురా.. సైకో!’ ఫ్రెండ్స్ మధ్య ఈ మాట ఇప్పుడు తిట్టు కాదు, దాదాపు మెచ్చుకోలు. ‘సైకోపాత్‌లకు భయం ఉండదు, అందుకే పైకొస్తారు’ అనే రీల్స్‌కి కూడా కొదవ లేదు. ఇంటర్వ్యూ అనగానే చేతులకు చెమట పట్టేవాళ్లకు ‘ఆ భయమేదో నాకూ లేకపోతే బాగుండు’ అనిపించడం సహజమే. కానీ పరిశోధనలు చెప్పే కథ వేరు. అది తెలిస్తే మీ భయాన్ని మీరు వదులుకోవాలనుకోరు.

ముందు పదం సంగతి

సైకోపతీ అంటే పిచ్చి కాదు. లేని మాటలు వినిపించే జబ్బూ కాదు. ఎదుటివారి బాధ పట్టకపోవడం, తప్పు చేసినా పశ్చాత్తాపం లేకపోవడం, తియ్యటి మాటలతో బుట్టలో వేసుకోవడం, బాధ్యత లేకపోవడం.. ఇలాంటి లక్షణాలన్నీ కలిసి ఉండే వ్యక్తిత్వం. కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ తయారుచేసిన చెక్‌లిస్టులో 20 అంశాలుంటాయి. ఒక్కోదానికి 0, 1 లేదా 2 మార్కులు. మొత్తం 40. పరిశోధనల్లో సాధారణంగా 30 లేదా అంతకన్నా ఎక్కువ వస్తేనే సైకోపతీ అంటారు. అదీ శిక్షణ పొందిన నిపుణులు, ఇంటర్వ్యూతో పాటు పాత రికార్డులూ చూసి వేసే మార్కులు. పది ప్రశ్నల ఆన్‌లైన్ క్విజ్‌తో తేలేది కాదు. కోపిష్టి మేనేజర్‌కి తగిలించే బిరుదు అంతకన్నా కాదు.

భయంలో రెండు పనులు

నాంపల్లి స్టేషన్‌లో దిగి, మొజంజాహీ మార్కెట్ మీదుగా ఉస్మాన్‌గంజ్ వైపు నడుస్తున్నారనుకోండి. సరుకు లారీలు, తోపుడు బండ్లు, మూటలు మోసే హమాలీలు. మీ కళ్లేమో ఫోన్‌లో మ్యాప్ మీద ఉన్నాయి. పక్కనే లారీ రివర్స్ వస్తూ హారన్ కొట్టింది. ఆలోచన రాకముందే కాళ్లు ఆగిపోతాయి. ‘అమ్మో’ అనిపించేది ఆ తర్వాతే. ఇంజినీరింగ్ భాషలో దీన్ని ఇంటరప్ట్ అనొచ్చు. ప్రాసెసర్ ఏ పనిలో ఉన్నా ఆపించి, ముందు దీని సంగతి చూడమనే సిగ్నల్.

అంటే ప్రమాదాన్ని ఒళ్లు పసిగట్టడం ఒకటి, భయం మనసుకు తెలియడం మరొకటి. నెదర్లాండ్స్ పరిశోధకులు 2016లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను వడపోసి ఇదే తేడా చూపించారు. సైకోపతీ ఉన్నవారిలో మొదటి పని బలహీనంగా ఉంటుందనడానికి ఆధారాలున్నాయి. భయం అనే అనుభూతే ఉండదనడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు.

ల్యాబ్‌లో ఏం తేలింది?

1957లో డేవిడ్ లైకెన్ ఒక చిక్కుదారి ఆట పెట్టాడు. కొన్ని తప్పు మీటలు నొక్కితే చిన్న కరెంట్ షాక్. సైకోపతీ లక్షణాలున్నవారు సరైన దారిని అందరిలాగే నేర్చుకున్నారు. షాక్‌ని తప్పించుకోవడం మాత్రం సరిగా నేర్చుకోలేదు. దాంతో ‘వీళ్లకు భయం తక్కువ’ అనే సిద్ధాంతం బలపడింది.

2010లో సీన్ మారింది. జోసెఫ్ న్యూమన్ బృందం అమెరికా ఖైదీలకు స్క్రీన్ మీద అక్షరాలు చూపించింది. ఒక రంగు వస్తే షాక్ తగలొచ్చు. ‘రంగు చెప్పండి’ అన్నప్పుడు సైకోపతీ ఉన్నవారి ఒళ్లు కూడా మామూలు మనుషుల్లాగే ఉలిక్కిపడింది. ‘రంగు వదిలెయ్, అక్షరం సంగతి చెప్పు’ అన్నప్పుడు ఆ ఉలికిపాటు తగ్గిపోయింది. సెన్సర్ పనిచేస్తోంది, కానీ వేరే లక్ష్యం మీద ఉన్నప్పుడు దాని అలారం లోపలికి చేరడం లేదన్నమాట. లోపం మెదడులోని అమిగ్డలాలో ఉందనే వాదన కూడా బలంగానే ఉంది. చర్చ ఇంకా ముగియలేదు.

ఐదు సెకన్ల మందు

ఇదే న్యూమన్ 1987లో చేసిన పేకముక్కల ప్రయోగం మీకు ఇంకా బాగా పనికొస్తుంది. మొదటి పది ముక్కల్లో తొమ్మిది గెలుపే. తర్వాత ప్రతి పదికీ గెలుపు తగ్గుతూ చివరికి సున్నా. ఎప్పుడైనా ఆపేసి డబ్బు తీసుకుని వెళ్లిపోవచ్చు. సైకోపతీ ఉన్న ఖైదీలు మిగతావారికన్నా ఎక్కువసేపు ఆడి, ఎక్కువ పోగొట్టుకున్నారు. ఇదా ధైర్యం?

ప్రతి ముక్క తర్వాత లెక్క చూపించి, ఐదు సెకన్లు ఆగమన్నప్పుడు మాత్రం వాళ్లూ మామూలువాళ్లలాగే ఆట ఆపేశారు!

మరి మీకేంటి?

సైకోపతీ లేకపోయినా, లక్ష్యం మీదే కళ్లుంటే అలారం వినపడని స్థితి ఎవరికైనా వస్తుంది. ఉద్యోగ వేటలో మరీనూ. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ మన యువకులను కంబోడియా పంపి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. వెళ్లినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. ఉద్యోగం అవసరమైనవాళ్లు. ఆ అవసరాన్నే ఏజెంట్లు వాడుకున్నారు. అందుకే..

* ‘ఇవాళే డబ్బు కట్టాలి’ అంటే ఆ రోజు కట్టొద్దు. ఒక రాత్రి ఆగండి. అదే మీ ఐదు సెకన్లు.
* కడుపులో ఏదో తేడాగా అనిపిస్తే, కారణం కాగితం మీద రాయండి. ఆఫర్ లెటర్, ఆఫీసు అడ్రస్, వీసా రకం.. ఏది అనుమానంగా ఉందో తేలుతుంది.
* విదేశీ ఉద్యోగమైతే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి.
* ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

ఇక ఇంటర్వ్యూ ముందు చెమటంటారా? మీ అలారం బాగానే ఉందని అర్థం. దాన్ని ఆపెయ్యాల్సిన పని లేదు, ఎందుకు మోగుతోందో చూసి ప్రిపేరైతే చాలు. అది రోజంతా మోగుతూ నిద్ర, తిండి చెడగొడుతుంటే మాత్రం లైట్ తీసుకోకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.