అశ్వగంధలో బెట్ట: మొక్క లోపల ఏం జరుగుతుంది? తడి ఎప్పుడు ఇవ్వాలి?

రాయలసీమ ఎర్ర నేలల్లో అశ్వగంధ (పెన్నేరు గడ్డ) వేసిన రైతులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఆకు వాడుతోంది, బోరులో కాస్త నీళ్లున్నాయి, ఒక తడి ఇవ్వమంటారా?" ఊడలు దిగే వేరుశనగకైతే వెంటనే ఇవ్వమంటాను. అశ్వగంధకైతే ముందు పంట వయసెంత అని అడుగుతాను.

నేలలో తేమ తగ్గితే ముందు పసిగట్టేది వేరు. అప్పుడు మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి, ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. అయితే ఆకు ఆహారం తయారు చేసుకోవడానికి కావలసిన బొగ్గుపులుసు వాయువు కూడా ఆ రంధ్రాల గుండానే రావాలి. గాలి తగ్గినా ఎండ తగ్గదు. వాడుకోలేక మిగిలిన ఆ శక్తి వల్ల కణాల్లో చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. ఎక్కువైతే ఇవి కణాలనే కాల్చేస్తాయి. కొద్దిగా ఉంటే మాత్రం హెచ్చరికలా పనిచేసి, రక్షణ జన్యువులను మేల్కొలుపుతాయి.

జన్యువు అంటే ఏ పదార్థం ఎలా తయారు చేయాలో రాసి ఉన్న చీటీ అనుకోండి. ఆ చీటీలు తెరుచుకున్నాక కణంలో నీటిని పట్టి ఉంచే ప్రొలిన్ పోగవుతుంది, చురుకైన ఆక్సిజన్‌ను విరిచే ఎంజైములు పెరుగుతాయి. వీటితో పాటు అశ్వగంధ విథనోలైడ్లను కూడా ఎక్కువగా తయారు చేస్తుంది. కణం పొరలకు వాడే స్టెరాల్ అనే ముడిసరుకు నుంచే ఇవీ తయారవుతాయి. మనం మందు అంటున్నది వీటినే. మొక్కకు మాత్రం ఇవి పురుగులు, తెగుళ్ల నుంచి కాపాడే ఆయుధాలు.

అలాగని పంటను ఎండబెడితే లాభం అనుకోవద్దు. ఒక లెక్క చూడండి. ఎకరాకు 2 క్వింటాళ్ల ఎండు వేరులో విథనోలైడ్లు 0.5 శాతం ఉంటే మొత్తం ఒక కిలో. తీవ్ర బెట్టకు వేరు ఒక క్వింటాలుకు పడిపోయి, శాతం 0.7కి పెరిగినా వచ్చేది 700 గ్రాములే. (ఇవి అర్థం కావడానికి చెప్పిన అంకెలు, రకాన్ని బట్టి, నేలను బట్టి మారతాయి.) పైగా మార్కెట్లో చాలామంది వ్యాపారులు వేరు లావు, పొడవు, లోపలి తెలుపు చూసే ధర కడతారు.

అందుకే మొలక వచ్చిన మొదటి నెలలో బెట్ట తగలనివ్వకండి. అప్పటికి వేరు ఇంకా లోతుకు దిగదు. ఆ తర్వాత మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకుంటే కంగారు పడనక్కర్లేదు. తెల్లవారినా ఆకు వాలిపోయే ఉంటే ఒక తేలికపాటి తడి చాలు. నీరు నిలవకూడదు. వేరుకు గాలి అందక కుళ్లుతుంది, బెట్ట కంటే ఇదే పెద్ద నష్టం.

కాయలు ఎర్రబడడం మొదలయ్యాక తడులు, యూరియా ఆపేయాలి. ఒక రైతు బరువు పెరుగుతుందని ఆ దశలో రెండూ ఇచ్చారు. చేను మళ్లీ పచ్చబడి చిగుర్లు వేసింది, వేరులో దాచుకున్న పిండి వాటికే పోయింది. తవ్వి చూస్తే వేర్లు పీచుగా వచ్చాయి. చూడడానికి చేను బాగుంది, ధర మాత్రం రాలేదు.

విథనోలైడ్లు పెంచుతాయంటూ హార్మోను మందులు అమ్మేవారు వస్తే తొందరపడకండి. జాస్మోనిక్ ఆమ్లం లాంటివి ప్రయోగశాలల్లో పనిచేశాయి కానీ, మీ చేలో పెట్టిన ఖర్చు తిరిగి వస్తుందన్న హామీ లేదు.

పంట 150 నుంచి 180 రోజుల్లో, ఆకులు ఎండి కాయలు ఎర్రబడ్డాక కోతకు వస్తుంది. నేల గట్టిగా ఉంటే వేర్లు తెగిపోతాయి కాబట్టి, తవ్వడానికి ఒకటి రెండు రోజుల ముందు పలచగా తడపొచ్చు. అంత తక్కువ వ్యవధిలో కొత్త చిగురు రాదు. వేర్లు కడిగి, 7 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి ఆరబెట్టండి. ఒక ముక్క విరిచి చూడండి. పుటుక్కున విరిగి లోపల తెల్లగా ఉంటే బస్తాలకు ఎత్తుకోవచ్చు.