కార్డు ఒకటే, దారులు రెండు

సిడ్నీ హారిస్ పార్క్‌లో ఒక దోసెల కొట్టు ఉందనుకోండి. సాయంత్రం వరుసలో ఒకరు ఫోను, ఒకరు వాచీ, మరొకరు కార్డు ట్యాప్ చేస్తారు. ఏ ఒక్కరో జేబు తడుముకుని నోటు తీస్తారు. రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఆస్ట్రేలియా సర్వేల ప్రకారం 2007లో ప్రతి పది చెల్లింపుల్లో దాదాపు ఏడు నగదే. 2022కి నగదు వాటా 13 శాతానికి దిగింది. చిల్లర బాధ తగ్గింది కానీ కొట్టు నడిపే మనకు లెక్క చిక్కుపడింది. ఆ చిక్కులో సగం అపోహలదే.

అపోహ: ఫోనుతో కడితే ఖర్చేముంది? మన ఊళ్లో క్యూఆర్ స్టిక్కర్ లాంటిదే కదా!

వాస్తవం: భారత్‌లో 2020 జనవరి నుంచి యూపీఐకి వ్యాపారి రుసుము లేదు. ఇక్కడ ఫోను వెనక ఉన్నది కార్డే, ప్రతి ట్యాప్‌కూ రుసుము ఉంటుంది. ఆస్ట్రేలియా రిజర్వ్ బ్యాంక్ చెప్పే స్థూల లెక్క ఇదీ: ఇక్కడి దేశీ డెబిట్ వ్యవస్థ ఎఫ్ట్‌పాస్ అర శాతం లోపు, వీసా, మాస్టర్‌కార్డ్ డెబిట్ అర నుంచి ఒక శాతం, క్రెడిట్ ఒకటి నుంచి ఒకటిన్నర శాతం. చిన్న కొట్లకు ఇంతకంటే ఎక్కువ పడటమూ ఉంది.

అపోహ: డెబిట్ కార్డు ఏదైతేనేం, మనకు పడే ఖర్చు ఒకటే.

వాస్తవం: ఇక్కడి డెబిట్ కార్డును అటూ ఇటూ తిప్పి చూడండి. చాలావాటి మీద వీసా లేదా మాస్టర్‌కార్డ్ గుర్తుతో పాటు ఎఫ్ట్‌పాస్ గుర్తూ ఉంటుంది. కార్డును మెషీన్‌లో పెట్టి 'సేవింగ్స్' నొక్కితే సొమ్ము ఎఫ్ట్‌పాస్ దారిలో వస్తుంది. ట్యాప్ చేస్తే మాత్రం ఏ దారిన వెళ్లాలో మీ మెషీన్ అమరికే నిర్ణయిస్తుంది. మెషీన్ ఇచ్చినవాళ్లను 'లీస్ట్ కాస్ట్ రూటింగ్', అంటే తక్కువ ఖర్చు దారిన పంపే అమరిక, పెట్టమని అడగండి. నెలకు 20,000 డాలర్ల డెబిట్ అమ్మకాల మీద ఒక శాతం అంటే 200 డాలర్లు, అర శాతమైతే 100. ఒక మెలిక ఉంది. అన్ని కార్డులకూ ఒకే రేటు ప్లాన్‌లో ఉంటే ఆ మిగులు మీ దాకా రాదు.

అపోహ: సర్‌ఛార్జి మన ఇష్టం. అన్నిటికీ రెండు శాతం వేస్తే సరి.

వాస్తవం: మీకు పడిన ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. ఈ నిబంధన 2017 సెప్టెంబరు 1 నుంచి చిన్న వ్యాపారులకూ వర్తించింది. వినియోగదారుల కమిషన్ ఏసీసీసీ దీన్ని కనిపెట్టి ఉంటుంది. మీ కరెంటు బిల్లు, జీతాలు ఆ ఖర్చులోకి రావు. అన్నిటికీ ఒకే సర్‌ఛార్జి వేయాలంటే, అన్నిటిలోకీ తక్కువ ఖర్చయ్యే కార్డు రేటే వేయాలి. సర్‌ఛార్జి లేకుండా కట్టే దారే లేకపోతే దాన్ని ధరలోనే కలిపి చూపాలి. అసలు ఎఫ్ట్‌పాస్, వీసా, మాస్టర్‌కార్డ్‌ల మీద సర్‌ఛార్జినే ఎత్తేయాలని రిజర్వ్ బ్యాంక్ 2025 జులైలో ప్రతిపాదించింది. కాబట్టి బోర్డు పెట్టేముందు అమల్లో ఉన్న నిబంధన చూసుకోండి. సర్‌ఛార్జిని నమ్ముకుని ధరలు కట్టుకోకండి.

అపోహ: పే ఐడీకి, అంటే బ్యాంకు ఖాతాకు ముడిపెట్టిన ఫోను నంబరుకో ఈమెయిల్‌కో, పంపినట్టు ఫోనులో చూపించారంటే డబ్బు వచ్చినట్టే.

వాస్తవం: పే ఐడీ నడిచే, 2018లో మొదలైన కొత్త చెల్లింపుల వ్యవస్థలో సొమ్ము సాధారణంగా నిమిషంలోపే చేరుతుంది. కానీ కొత్త ఖాతాకు తొలిసారి పంపే సొమ్మును బ్యాంకు కాసేపు ఆపవచ్చు. స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా తయారు చేయవచ్చు. క్యాటరింగ్ గిన్నెలు కారెక్కించే ముందు మీ ఖాతాలో జమ పడిందో లేదో చూసుకోండి.

అపోహ: ఇన్ని మెషీన్లున్నాక నగదు పెట్టె ఎందుకు?

వాస్తవం: 2023 నవంబరు 8న ఆప్టస్ ఫోను నెట్‌వర్క్ ఆగిపోయినప్పుడు దాని మీద నడిచే మెషీన్లూ మూగబోయాయి. కొంచెం చిల్లర, మరో నెట్‌వర్క్ సిమ్ ఉన్న కొట్లో అలాంటి రోజు కూడా బేరం సాగుతుంది.

కార్డు రుసుముల లెక్కంతా ఒకే కాగితంలో తేలుతుంది. నెలాఖరున మెషీన్ స్టేట్‌మెంట్ తీసి, మొత్తం రుసుమును మొత్తం కార్డు అమ్మకంతో భాగించి, వందతో హెచ్చించండి. వచ్చినదే మీ అసలు రేటు. ఎఫ్ట్‌పాస్, డెబిట్, క్రెడిట్‌లకు విడివిడిగా కూడా చూడండి. పప్పు బస్తాను తూచనిదే దించుకోని మనం, నెలనెలా వచ్చే ఈ కాగితాన్ని తూచకుండానే అటకెక్కిస్తున్నాం.